పైన అంతస్తు వేసే ముందు గోడ సంగతి చూడండి

పాత ఇంటిని బిల్డర్‌కు ఇచ్చేయకుండా, ఆర్కిటెక్ట్‌తో మార్పులు చేయించి పైన ఇంకో అంతస్తు వేసుకోవచ్చని ఈమధ్య ఒక వ్యాసంలో చదివాను. బాగుంది. కానీ ఆ ఇల్లు దేనితో కట్టారన్న ముచ్చటే ఎత్తలేదు.

మాది హైదరాబాద్ బర్కత్‌పురలో తాతగారు కట్టిన ఇల్లు. అడుగున్నర మందం ఇటుక గోడలు, డంగు సున్నం (గానుగలో నూరిన సున్నం), మద్రాసు టెర్రస్ కప్పు. అంటే టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి, పైన సున్నం దట్టించింది. ఇలాంటి ఇళ్లకు పిల్లర్లుండవు, గోడలే బరువు మోస్తాయి. హాలు పెద్దగా కావాలని నడిమి గోడ తీసేస్తే కప్పును ఎవరు మోయాలి? మా మేస్త్రి ‘ఏం కాదు సార్’ అన్నాడు. (మేస్త్రీలందరూ అదే అంటారనుకోండి.) ఆర్కిటెక్ట్ మేడం మాత్రం స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిపించి, పునాది పక్కన గొయ్యి తవ్వించి చూసేదాకా కాగితం మీద గీత కూడా గీయలేదు. చివరికి పై అంతస్తు మానేసి, పెరట్లో విడిగా పిల్లర్లు వేసి రెండు గదులు కట్టాం. పాతదానికీ కొత్తదానికీ మధ్య కొంచెం సందు వదిలారు, రెండూ వేర్వేరుగా కుంగినా గోడలు పగలకుండా.

ఇంకో మాట. చెమ్మ వస్తోందని సున్నపు గోడకు సిమెంటు ప్లాస్టరింగ్ చేయించకండి. సున్నం లోపలి తేమను బయటికి వదులుతుంది, సిమెంటు దాన్ని లోపలే బిగించేస్తుంది. ముందు గదికి మేం అలాగే చేయించాం. రెండు వానాకాలాలకే పెచ్చులూడిపోయి మొత్తం కొట్టించాల్సి వచ్చింది. నేలకు పరిచిన షాబాద్ బండలు మాత్రం మా అమ్మ తీయనివ్వలేదు. పాలిష్ పట్టిస్తే సరిపోయింది, ఎండాకాలం కాళ్లకు చల్లగా ఉంటున్నాయి.