స్టాటిక్ బ్యాలెన్సింగ్ స్టాండు గారికి, తిరిగే రోటర్ల తరఫున

అయ్యా,

రోటర్లలో, అంటే తిరిగే భాగాల్లో, బరువు ఏ వైపు ఎక్కువుందో తిప్పకుండానే పట్టే మీరు, నిజం నిలకడ మీద తెలుస్తుందన్న సామెతను మరీ గట్టిగా పట్టుకున్నారు. మీ రెండు కత్తి అంచుల మీద షాఫ్టు పెట్టి వదిలితే బరువు వైపు కిందికి దిగుతుంది. దానికి ఎదురుగా కాస్త మైనం అంటించి, ఏ కోణంలో వదిలినా కదలకుండా నిలిచేదాకా సర్ది, ఆ మైనం తూచి అంత ఇనుము వెల్డు చేస్తే పని అయిపోయినట్టే. కరెంటు అక్కర్లేదు, సెన్సరు అక్కర్లేదు. సన్నటి గ్రైండింగ్ చక్రం, వెడల్పు తక్కువ పుల్లీ లాంటివాటి విషయంలో మీ మాటకు తిరుగులేదు.

తిరుగు ఉన్నదంతా పొడవాటి రోటర్లతోనే.

ఒక బ్లోవర్ డ్రమ్ము తీసుకోండి. ఎడమ చివర పైన 50 గ్రాములు ఎక్కువ, కుడి చివర కింద 50 గ్రాములు ఎక్కువ, రెండూ 200 మి.మీ. వ్యాసార్థంలో. మీ అంచుల మీద రెండూ సరిపోయి డ్రమ్ము రాయిలా నిలబడుతుంది, మీరు పాస్ చేసేస్తారు. అదే 1500 ఆర్‌పీఎంలో ఒక్కో చివర దాదాపు 25 కిలోల బలం: ఇటు పైకి లాగుతుంటే అటు కిందికి, సెకనుకు 25 సార్లు. 3000లో అయితే దానికి నాలుగింతలు. తీరా బేరింగు పోతే తిట్లు బేరింగుకే.

ఇంకో గుణం కూడా ఉంది మీకు. కోణం చెబుతారు, ఏ చివరో చెప్పరు. అసలు బరువు ఎడమ చివర ఉంటే, దిద్దుబాటు ముక్క కుడి చివర అతికించినా మీకు సమ్మతమే. రెండు చివరలనూ ఎదురెదురు దిక్కులకు లాగే ఈ జంట బలాన్నే కపుల్ అంటారు; దాన్ని అలా మన చేతులతో మనమే పెంచుతాం.

డైనమిక్ మెషీను రోటర్ను తిప్పి, రెండు బేరింగుల దగ్గరా వైబ్రేషన్, ఫేజ్ (ఆ ఊపు ఏ కోణంలో వస్తోందో) చూస్తుంది. రెండు చోట్లా ఫేజ్ దాదాపు ఒకటే అయితే మీ తరహా రోగం, 180 డిగ్రీల తేడా ఉంటే కపుల్. చాలాసార్లు రెండూ కలిసే వస్తాయి. అందుకే దిద్దుబాటు రెండు ప్లేన్లలో, అంటే రెండు చివర్లా విడివిడిగా. 100 కిలోల ఫ్యాన్ రోటర్, 1500 ఆర్‌పీఎం, జీ 6.3 అనే బ్యాలెన్స్ నాణ్యత గ్రేడు అంటే మిగలనిచ్చే అసమతూకం (ఎక్కువ బరువును వ్యాసార్థంతో గుణిస్తే వచ్చేది) మొత్తం సుమారు 4000 గ్రాము-మిల్లీమీటర్లు. బరువు రెండు వైపులా సమంగా ఉంటే, 200 మి.మీ. దగ్గర ప్లేనుకు పది గ్రాములు. మీ అంచు మీద చిన్న గాటు పడినా, లెవెల్ కాస్త తప్పినా ఆ పది గ్రాములు మీకు కనబడతాయా?

మెషీను కూడా దేవుడేం కాదు లెండి. బ్లేడ్ల మీద పేరుకున్న దుమ్ము గీకకుండా, వంగిన షాఫ్టు సరిచేయకుండా ఎక్కిస్తే అదీ అబద్ధమే చెబుతుంది. హాఫ్ కీతో (షాఫ్టు గాడిని నింపే సగం కీతో) బ్యాలెన్స్ చేయాల్సిన రోటర్ను కీ లేకుండా తిప్పినా అంతే. ఫౌండేషన్ బోల్టు వదులైతే దానికి మందు స్పానరే గానీ బరువు ముక్క కాదు.

మీరు రిటైరవ్వాలని మా కోరిక కాదు. సగం వ్యాసం కన్నా పొడవైన రోటర్ను ఎవరైనా మీ మీదికి ఎక్కిస్తే, దయచేసి అంత ధీమాగా నిలబెట్టకండి. కాస్త ఊపండి, వాళ్ళకు అనుమానమైనా వస్తుంది.

ఇట్లు,
రెండు బేరింగుల మధ్య నలుగుతున్న షాఫ్టులు