ఓడ మల్లన్న రెజ్యూమే

అమెరికాలో ఒక కాలేజీలో చేరి, ఏడాది తిరక్కముందే మరో కాలేజీకి మారదలచిన విద్యార్థి రాసుకునే రెజ్యూమే సాహిత్య ప్రక్రియలన్నింటిలోకీ కష్టమైనదని నా నిశ్చితాభిప్రాయం. ఇప్పుడున్న చోట మర్రిచెట్టులా ఊడలు దిగానని రుజువు చేస్తూనే, ఆ చెట్టును వేళ్లతో సహా పెకిలించి తమ పెరట్లో నాటుకోమని అవతలివారిని ఒప్పించాలి. ఏరు దాటాక బోడి మల్లన్న అన్నారు గాని, ఏటి నడుమ ఓడ మల్లన్నను కీర్తిస్తూ పక్క ఓడకు చెయ్యి ఊపవలసి వచ్చే అవస్థకు మన పెద్దలు సామెత కట్టలేదు.

ఈ విద్యకు ఆద్యుడిగా లియొనార్డో డావిన్చీని చెప్పుకుంటారు. సుమారు 1482లో, ఫ్లోరెన్స్ నుంచి మిలాన్ కొలువుకు మారదలచి అక్కడి పాలకుడు లుడోవికో స్ఫోర్జాకు రాసుకున్న లేఖలో, ఆయన సులువుగా మోసుకెళ్లే వంతెనలు, ఫిరంగులు, శత్రువు ఛేదించలేని బండ్లు వరసపెట్టి, బొమ్మలు కూడా వేయగలనన్న సంగతిని చిట్టచివర చేర్చాడు. ఫ్లోరెన్సులో తనకు ఏం తక్కువైందో మాత్రం ఆ జాబితాలో రాయలేదు. నేటి విద్యార్థి నేర్చుకోవలసింది ఆ మౌనమే. "ఇక్కడి హాస్టలు గది నచ్చలేదు" అన్న అసలు కారణాన్ని "మరింత విస్తృతమైన పరిశోధనావకాశాలు" అన్న మాట వెనుక దాచగలిగినవాడికి సగం సీటు వచ్చినట్టే.

ఇక లెక్కల సంగతి. ఏ పనికి వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు వెచ్చించారో దరఖాస్తుల్లో అడగడం పరిపాటి. నేను దిద్దిన ఒక రెజ్యూమేలో కోడింగ్ క్లబ్బు, ట్యూషన్లు, సమాజసేవ, లేబొరేటరీ అన్నీ కూడితే వారానికి 171 గంటలు తేలాయి. వారంలో ఉన్నవే 168 అని మెల్లగా గుర్తుచేశాను. ఆ అబ్బాయి చాలాసేపు ఆలోచించి, తోటివారికి సమయపాలన నేర్పే పనిలోంచి మూడు గంటలు కోసేశాడు. తరగతులకు, నిద్రకు చోటెక్కడని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

అదే అబ్బాయి వారంలో నాలుగు సాయంత్రాలు ఒక దుకాణంలో క్యాష్ కౌంటరు దగ్గర నిలబడతాడనీ, తల్లి రాత్రి డ్యూటీకి వెళ్లిన రోజుల్లో తమ్ముడికి అన్నం పెట్టి హోంవర్కు చేయిస్తాడనీ మాటల మధ్యలో తెలిసింది. అవి రెజ్యూమేలో లేవు. అనేక కాలేజీలకు ఒకేచోట దరఖాస్తు చేసుకునే కామన్ యాప్‌లోని కార్యకలాపాల జాబితాలో జీతం తీసుకునే పనికీ, కుటుంబ బాధ్యతలకూ ప్రత్యేకంగా విభాగాలే ఉన్నాయని చెబితే, "అవి నిజంగా చేసేవి కదండీ, అందులో గొప్పేముంది?" అని ఆశ్చర్యపోయాడు. చేయని పనిని ఒక వాక్యంలో గంభీరంగా చెప్పడం అలవాటైన చేతికి, చేసిన పనిని చెప్పడానికి మాటలు దొరకవు కాబోలు.

పైగా ఈ సాహిత్యానికి ట్రాన్‌స్క్రిప్టు అనే మార్కుల పత్రం రూపంలో ఒక అరసికుడైన వ్యాఖ్యాత ఉన్నాడు. రెజ్యూమేలో "గణితంపై అపారమైన అభిరుచి" అని ఉన్న సెమిస్టరులోనే, కాల్క్యులస్ ఎదుట సగంలో మానుకున్నట్టు సూచించే డబ్ల్యూ అక్షరం నిలబడి ఉంటుంది. డిగ్రీకి సాధారణంగా 120 క్రెడిట్లు కావాలి. పాత కాలేజీలో కూడబెట్టినవాటిలో ఎన్ని చెల్లుతాయో తేల్చేది కొత్త కాలేజీ. మన నాయకుడు మూడు క్రెడిట్లకు చదివిన నాయకత్వ శాస్త్రాన్ని వారు ఏ డిగ్రీ అవసరానికీ పనికిరాని ఎలెక్టివ్ కింద జమకట్టి, సీటు మాత్రం ఇచ్చారు.

వెళ్లేముందు అతడు తాను స్థాపించిన క్లబ్బుకు రాజీనామా సమర్పించాడు. క్లబ్బులో మిగిలిన ఏకైక సభ్యుడు ఆ సాయంత్రమే ఏకగ్రీవంగా అధ్యక్షుడయ్యాడు. మర్నాడు ఉదయం నాకు ఆ కొత్త అధ్యక్షుడి దగ్గర్నుంచి ఒక రెజ్యూమే వచ్చింది, కాస్త దిద్దిపెట్టమని.