ఎంగేజ్‌మెంట్‌లోనూ తాకట్టే

ఇప్పుడు సంబంధం ఖాయమైతే నిశ్చితార్థం అనేవాళ్ల కంటే ఎంగేజ్‌మెంట్ అనేవాళ్లే ఎక్కువ. ఇల్లు పెట్టి బ్యాంకులో అప్పు తీసుకుంటే అది మార్ట్‌గేజ్. రెండింటిలోనూ ఉన్న ‘గేజ్’ ఒక్కటే. పాత ఫ్రెంచిలో దానర్థం తాకట్టు, పూచీ.

వెడ్డింగ్ కూడా ఆ కుటుంబంలోదే. పాత ఇంగ్లీషులో ‘వెడ్’ అంటే ఇచ్చిన మాటకు పెట్టే హామీ. ఇంగ్లీషు, జర్మన్ వంటి భాషల కుటుంబాన్ని జర్మానిక్ అంటారు. అదే జర్మానిక్ మూలం ఫ్రెంచిలోకి వెళ్లి, 1066లో ఇంగ్లండును గెలిచిన, తమదైన యాస ఫ్రెంచి మాట్లాడే నార్మన్ల వల్ల మళ్లీ ఇంగ్లీషులోకి వచ్చింది. నార్మన్ల నోట ‘వ’ నిలిచి, జీతమనే అర్థంలో వేజ్, పందెమనే అర్థంలో వేజర్ అయింది. మిగతా ఫ్రెంచిలో ‘గ’గా మారి ఎంగేజ్ అయింది. వివాహబంధమనే అర్థమున్న వెడ్‌లాక్‌లో కూడా తాళం ఏమీ లేదు, ఆ ‘లాక్’ ఒక పాత ప్రత్యయం. ఈ మాటల మూలంలో ప్రేమ ఊసు లేదు, మాట నిలబెట్టుకోవడమే ఉంది. తాంబూలాలు పుచ్చుకున్నాక వెనక్కి తగ్గకూడదనే మనకు ఇది కొత్తేమీ కాదు. నాకు ఎంతో నచ్చిన సంగతి ఇదే.

బాధ పెట్టేది మాట ఇచ్చుకున్న ఇద్దరికీ పెట్టిన పేర్లు. హస్బెండ్ పాత నార్స్ నుంచి, అంటే వైకింగుల భాష నుంచి వచ్చింది. ‘హూస్’ అంటే ఇల్లు, ‘బొండి’ అంటే ఆసామి. వైఫ్ అంటే అప్పట్లో ఉత్త ఆడమనిషి. మంత్రసానిని మిడ్‌వైఫ్ అనడంలో ఆ అర్థం ఇంకా బతికే ఉంది. ఆయన పేరులోనే ఇల్లుంది, ఆమె పేరులో ఏమీ లేదు. చట్టం కూడా అలాగే నడిచింది. ఇంగ్లండులో పెళ్లయిన స్త్రీకి సొంత ఆస్తి మీద హక్కు 1870లో కొంత, 1882లో మరింత దక్కింది. నూలు వడికే ఆమె అనే అర్థమున్న స్పిన్‌స్టర్, పెళ్లికాని ఆమెకు ముద్రగా 2005 దాకా అక్కడి వివాహ రిజిస్టర్లలో ఉంది. దాన్ని తీసేసి మంచి పని చేశారు.

మనం రోజూ చూసే మ్యాట్రిమొని సైట్ల పేరులో లాటిన్ ‘మాతెర్’ ఉంది, అంటే తల్లి. దానికి జోడీ అయిన ప్యాట్రిమొనికి మాత్రం తండ్రి నుంచి వచ్చే ఆస్తి అని అర్థం. పెళ్లికి తల్లి పేరే పెట్టుకున్నా, ఇంగ్లండు, వేల్స్‌లలో 1837 నుంచి వివాహ రిజిస్టర్‌లో వధూవరుల తండ్రుల పేర్లకే చోటుండేది. తల్లుల పేర్లు రాయడం 2021 మే 4న మొదలైంది.