మూడు సిట్టింగులతో అయిపోయే పని కాదు
ఎలక్ట్రోలిసిస్‌తో మూడు సిట్టింగుల్లోనే అవాంఛిత రోమాలు శాశ్వతంగా పోతాయని మీరు ప్రచురించిన వ్యాసంలో రాశారు. శాశ్వతం అన్న మాట ఒప్పుకుంటాను, మూడు అన్న లెక్క ఒప్పుకోలేను. ఈ పద్ధతిలో సన్నని సూదిని ఒక్కొక్క రోమకూపంలోకి పంపి విద్యుత్తుతో వెంట్రుక కుదురును నాశనం చేస్తారు. అన్నీ ఒకేసారి పెరిగే దశలో ఉండవు కాబట్టి ఇవాళ కనిపించనివి కొన్ని వారాలకు పైకి వస్తాయి. గడ్డం కింద, పై పెదవి మీద ఉన్న కాసిన్నింటి కోసం నేను గుంటూరు బ్రాడీపేట నుంచి విజయవాడకు 14 నెలలు తిరిగాను. అంతకుముందు లేజర్ చేయించుకుంటే నల్లవి తగ్గాయి, తెల్లబడినవి అలాగే ఉండిపోయాయి. లేజర్ వెంట్రుకలోని రంగును పట్టుకుని పనిచేస్తుంది, తెల్లవాటిలో ఆ రంగే ఉండదు. డబ్బు కట్టించుకునేటప్పుడు ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు! సూదికి రంగుతో పని లేదు. నొప్పి మాత్రం నిజం, పెదవి దగ్గర కళ్ళలో నీళ్ళు తిరిగేవి. పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) ఉన్న అమ్మాయిలు ముందుగా వైద్యులను కలిసి హార్మోన్ల పరీక్ష చేయించుకోవాలి, లేకపోతే పాతవి పోయినా పక్కన కొత్తవి మొలుస్తూనే ఉంటాయి. దీని గురించి వ్యాసంలో ఒక్క వాక్యమైనా ఉండాల్సింది.