సవరణ: తాగుడు మానేవాళ్ల మీటింగ్ గురించి నేను రాసిన రెండు తప్పులు

తాగుడు మానాలనుకునేవాళ్ల కోసం పోయిన వారం పెట్టిన పోస్టులో రెండు తప్పులు రాశాను, క్షమించాలి.

ఆల్కహాలిక్స్ అనానిమస్ (తాగుడు మానడానికి ఒకరికొకరు సాయం చేసుకునేవాళ్ల బృందం) మీటింగ్‌లో ఇంట్లోవాళ్లు కూడా కూర్చోవచ్చన్నాను. ఓపెన్ మీటింగ్ అయితేనే అలా కుదురుతుంది. క్లోజ్డ్ మీటింగ్ తాగుడు సమస్య ఉన్నవాళ్లకే. మొన్న మా బావని తీసుకెళ్తే గుమ్మం దగ్గరే ఒక పెద్దాయన ఆ మాట నెమ్మదిగా చెప్పి, నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, టీ గ్లాసు చేతికిచ్చి, బావ భుజం మీద చెయ్యేసి లోపలికి తీసుకెళ్లాడు. గంటన్నర తర్వాత బావ బయటికొచ్చి, "వచ్చే వారం కూడా వద్దాం" అన్నాడు. తనంతట తనే. కాబట్టి వెళ్లేముందు ఫోన్ చేసి అది ఏ మీటింగో, తెలుగులో జరుగుతుందో లేదో కనుక్కోండి. కుటుంబాలకు అల్-అనాన్ అని వేరే ఉంది.

రెండోది పెద్ద తప్పు. "ఈ రోజే పూర్తిగా ఆపేసి వెళ్లండి" అన్నాను. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే చేతులు వణుకుతాయి, ఫిట్స్ రావచ్చు, ఏవేవో కనిపిస్తున్నాయని కలవరించవచ్చు. ప్రాణం మీదికే రావచ్చు. ముందు డాక్టర్‌కి చూపించండి. మీటింగ్‌కి రావడానికి అప్పటికే మానేసి ఉండక్కర్లేదు, మానాలన్న కోరిక ఉంటే చాలు. ఫీజు కూడా లేదు.

దగ్గర్లో ఎవరిని అడగాలో తెలియకపోతే ప్రభుత్వ డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

పాత పోస్టులో ఆ వాక్యం తీసేశాను. అది ఎవరికైనా ఫార్వర్డ్ చేసి ఉంటే, దయచేసి ఇది కూడా ఈరోజే పంపండి.