తల్లిదండ్రుల సహాయం: స్వల్పం

దసరా సెలవులకు ముందు మా అమ్మాయి బడిలో ఒక ప్రదర్శన పెట్టారు. దాని పేరు ‘బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్’, విషయం ‘మన రాష్ట్ర వైభవం’, తరగతి యూకేజీ. బెంగళూరులో ఉంటున్నాం కాబట్టి మన రాష్ట్రం అంటే కర్ణాటక అనీ, వైభవం అంటే మైసూరు దసరా ఏనుగు అనీ మా అమ్మాయి క్షణంలో తేల్చేసింది. అది కూడా ఏదో ఒక ఏనుగైతే కుదరదు, 2020 నుంచి బంగారు అంబారీ మోస్తూ వచ్చిన అభిమన్యుడే కావాలి. బడివారు పంపిన సందేశంలో మాత్రం రెండు నిబంధనలు కాస్త లావుపాటి అక్షరాల్లో కనిపించాయి. ఇంట్లో పడి ఉన్న వ్యర్థ పదార్థాలనే వాడాలన్నది మొదటిది. తల్లిదండ్రుల సహాయం స్వల్పంగా ఉండాలన్నది రెండవది.

మొదటి నిబంధన సంగతి ముందు చెబుతాను. మా ఇంట్లో వ్యర్థానికి ఏనాడూ కొదవ లేదు గానీ, బడివారు కోరే వ్యర్థం జాతి వేరు. వారి జాబితా ప్రకారం వంటింటి టిష్యూ కాగితం చుట్టే అట్టగొట్టాలు నాలుగు ఉండాలి, ఐస్‌క్రీం పుల్లలు ఉండాలి, థర్మోకోల్ ముక్కలు ఉండాలి. మేము చేతులు తుండుగుడ్డతో తుడుచుకునే వాళ్ళం. అందువల్ల నాలుగు కొత్త టిష్యూ చుట్టలు కొని, లోపలి గొట్టం కోసం కాగితమంతా విప్పి, సోఫా మీద గుట్టగా పోశాము. ఆ గుట్ట ఇంకా అక్కడే ఉంది. ఐస్‌క్రీం పుల్లల కోసం గాంధీబజారులో ఒక దుకాణానికి వెళితే, దుకాణదారు నా మొహం చూడగానే “వేస్ట్ ప్రాజెక్టా సార్?” అని అడిగి, ఇంతవరకూ ఏ నోటిలోనూ పడని పుల్లల కట్ట, తెల్లని థర్మోకోల్ పలక, మెరిసే బంగారు కాగితం కలిపి ముందే కట్టి పెట్టుకున్న పొట్లం ఒకటి బల్ల మీదికి తోశాడు. నా వెనుక మరో ఇద్దరు తండ్రులు అదే వ్యర్థం కోసం వరుసలో నిలబడి ఉన్నారు. ఆ వ్యర్థానికి అయిన ఖర్చుతో చన్నపట్నం నుంచి లక్కరంగు పూసిన అసలుసిసలు కొయ్య ఏనుగునే తెప్పించుకోవచ్చునని మా ఆవిడ లెక్క వేసి చెప్పింది. అప్పటికే పొట్లం విప్పేశాము కాబట్టి ఆ లెక్క ఎవరికీ ఉపయోగపడలేదు.

మా అత్తగారిది విజయవాడ. బొమ్మల కొలువు పెట్టడానికి వచ్చి, అటక మీది పెట్టె దించి, పాత చీరముక్కలో చుట్టిన కొండపల్లి అంబారీ ఏనుగును బయటికి తీశారు. “అల్లుడుగారూ, దీన్నే తీసుకెళ్ళి చూపిస్తే సరిపోదా?” అన్నారు. కొండపల్లి బొమ్మను తెల్లపొణికి కర్రతో చేస్తారనీ, తొండం వేరుగా, చెవులు వేరుగా, అంబారీ వేరుగా చెక్కుతారనీ, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో వాటిని అతుకుతారనీ, అలా అతికినది తమ పెళ్ళినాటి నుంచి నేటి వరకూ ఊడలేదనీ వివరించారు. ఆ ఏనుగు వ్యర్థం కాదు కాబట్టి పనికిరాదని నేను వినయంగా చెప్పాను. ఆవిడ నా వైపు కాసేపు చూసి, తర్వాత ఆ రాత్రి ఏనుగు విషయంలో మళ్ళీ నోరు విప్పలేదు.

మా ఏనుగు ఎలా తయారైందన్నది ఇక్కడ అనవసరం. పాత వార్తాపత్రికలు, మైదా ఉడికించిన జిగురు, గొట్టాల కాళ్ళు, బూడిదరంగు అని చెబితే చాలు. రెండు గుండీలను కళ్ళుగా అతికించి, ఎడమ కన్ను కుడి కన్ను కంటే బాగా కుదిరిందని తీర్పు చెప్పి, మా అమ్మాయి నిద్రపోయింది. తెల్లవారి చూస్తే ఏనుగు నిలబడే ఉంది గానీ, థర్మోకోల్ అంబారీ మాత్రం జారి నేల మీద బోర్లా పడి ఉంది. బడికి బయలుదేరాల్సిన సమయం దగ్గర పడింది. అప్పుడు తీశాను, క్షణాల్లో అంటుకునే జిగురు ట్యూబును.

ఈ జిగురు గురించి ఇప్పుడు నేను కొంత అధికారంతో మాట్లాడగలను. దీని పేరు సైనోయాక్రిలేట్. 1942లో హ్యారీ కూవర్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త బృందం, తుపాకీ గురిచూసే సాధనాల కోసం పారదర్శకమైన ప్లాస్టిక్‌ను వెతుకుతూ దీన్ని కనుగొన్నదట. ముట్టిన ప్రతి వస్తువుకూ అంటుకుపోతోందని విసుగు పుట్టి పక్కన పెట్టేసిందట. ఆ విసుగు ఎంత న్యాయమైనదో నాకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. 1958 నాటికి ఆ అంటుకునే గుణాన్నే సుగుణంగా భావించి అంగట్లోకి తెచ్చారు. మామూలు జిగురులా ఇది ఆరి గట్టిపడేది కాదు, కాస్త తేమ తగిలితే చాలు, బిగిసిపోతుంది. కాగితం, అట్ట వంటివి దీన్ని పీల్చేసుకుని తీరికగా కూర్చుంటాయి. ఆలస్యమవుతోందన్న కంగారులో చెమట పట్టిన మనిషి వేళ్ళు దొరికితే మాత్రం ఇది ఒక్క క్షణం కూడా జాప్యం చేయదు.

అంబారీని ఏనుగు వీపు మీద పెట్టి నొక్కి పట్టుకున్నాను. “వంద లెక్కపెట్టేదాకా వదలకు నాన్నా” అని మా అమ్మాయి ఆజ్ఞాపించి, లెక్క మొదలుపెట్టింది. దానికి ఇరవై తొమ్మిది వరకూ బాగానే వస్తుంది. ఆ తర్వాత ఇరవై పది, ఇరవై పదకొండు అంటూ కొంత దూరం నడిచి, అనుమానం వచ్చి, మళ్ళీ పదకొండు నుంచి అందుకుంటుంది. ఆ లెక్కన వంద ఎప్పటికీ రాదని గ్రహించి చెయ్యి తీయబోయాను. ఏనుగు నా చేతితోపాటు పైకి లేచింది. నా కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ అంబారీకీ వీపుకూ నడుమ ఉండిపోయాయి.

లాగితే చర్మం ఊడి వస్తుందని, లాగవద్దని మా ఆవిడ ఫోన్లో చూసి చదివింది. రెండు మార్గాలు ఉన్నాయట. గోళ్ళరంగు తుడిచే అసిటోన్ రాస్తే జిగురు కరుగుతుంది. లేదా గోరువెచ్చని సబ్బునీళ్ళలో వేళ్ళు నానబెట్టి మెల్లగా కదిలిస్తే ఊడుతుంది. తను సీసా తెచ్చి, ఎందుకైనా మంచిదని, మిగిలిన థర్మోకోల్ ముక్క మీద ముందుగా ఒక చుక్క వేసింది. చుక్క పడినచోట తెల్లని పూసలు సన్నగా చిటపటమంటూ కుంగి, అటువైపు నేల కనిపించేంత చిల్లు పడింది. అంటే అసిటోన్ పోస్తే అంబారీ పోతుంది. సబ్బునీళ్ళలో ముంచితే కాగితమూ మైదా జిగురూ నాని, ఏనుగే పోతుంది. తండ్రి విడుదల కావాలంటే వాహనమో, సింహాసనమో ఏదో ఒకటి బలి కావాలన్నమాట. “అభిమన్యుడు కరిగిపోతాడు” అని మా అమ్మాయి పెట్టిన ఏడుపుకు పక్క ఫ్లాటు వాళ్ళు తలుపు తీశారు. అత్తగారు మాత్రం ఆ రాత్రి నుంచి పట్టిన మౌనాన్ని విడిచి, “మక్కు అయితే నీళ్ళతో కడిగితే పోయేది” అన్నారు.

ఆటోలో ఎలా వెళ్ళాం, డబ్బు ఎవరిచ్చారు అన్న వివరాలు వదిలేస్తాను.

ప్రదర్శన జరుగుతున్న హాలులో పొడవాటి బల్లలు వేసి, వాటి ముందు తాడు కట్టారు. తాడుకు ఇటువైపు తల్లిదండ్రులు, అటువైపు పిల్లలూ వారి సృష్టీ ఉండాలి. టీచరమ్మ నన్ను చూసి, చిరునవ్వుతో “ఇల్లి ఇడి సార్” అని బల్ల మీద మా అమ్మాయి పేరు రాసిన చోటు చూపించారు. అక్కడ పెట్టాను. పెట్టి అలాగే నిలబడ్డాను. ఆవిడ కొంతసేపు మర్యాదగా ఎదురుచూసి, “ఇక మీరు తాడు అవతలికి వెళ్ళవచ్చు సార్” అన్నారు. వెళ్ళాలనే ఉందని నేను చెప్పాను. అంబారీ కింద ఉన్న నా వేళ్ళను ఆవిడ వంగి చూశారు. ఇంకొక టీచరును పిలిచారు. ఇద్దరూ వంగి చూశారు. ఇలాంటి సందర్భానికి నిబంధనల్లో ఏమీ లేదని తేలడంతో, నేను ఎడమ చేత్తో తాడు కింది నుంచి దూరి, ప్రదర్శనలో భాగంగా ఉండిపోవడానికి అనుమతి లభించింది.

మా పక్కన విధానసౌధ ఉంది. ముందరి పన్నెండు స్తంభాలూ లెక్క తప్పలేదు, గోపురం గుండ్రంగా ఉంది, మెట్ల మీద చిన్న చిన్న దీపాలు వెలుగుతున్నాయి. దాన్ని నిర్మించినవాడికి ఐదేళ్ళు. మేము నిలబడినంతసేపూ వాడు తన బూటు వెల్‌క్రోను విప్పుతూ, అంటిస్తూ ఉన్నాడు. అటుపక్క 1889 నాటి లాల్‌బాగ్ గాజుమేడ, అచ్చం గాజులాంటి పలకలతో, అంగుళం తేడా లేని కోతలతో నిలిచి ఉంది. దాని యజమానురాలు దాన్ని చూసి, “ఇది ఏంటి?” అని మా అమ్మాయిని అడిగింది. ఈ రెండు కట్టడాల తండ్రులూ తాడు అవతల, చేతులు రెండూ ఖాళీగా, ప్రశాంతంగా కాఫీ తాగుతున్నారు. అందరం చేసిన పని ఒకటే, రాత్రి మేల్కొన్న గంటలూ ఇంచుమించు ఒకటే అయి ఉంటాయి. వారు సాక్ష్యం మిగల్చకుండా బయటపడ్డారు, నా సాక్ష్యం నా భుజం దాకా వ్యాపించి ఉంది.

పిల్లలు బారులు తీరి చూడడానికి వచ్చారు. ఒక పిల్లవాడు నన్ను చాలాసేపు పరిశీలించి, “ఈ అంకుల్ మావుతనా?” అని అడిగాడు. అవునని మా అమ్మాయి గర్వంగా చెప్పింది. అక్కడి నుంచి నేను మావటినయ్యాను. ఇంకొకడు నా మోచేతిని గోకి చూసి, ఇది కూడా వేస్టుతోనే చేశారా అన్నాడు. మైసూరులో అసలు అభిమన్యుడు దాదాపు 750 కిలోల అంబారీని వీపున పెట్టుకుని, రాజభవనం నుంచి బన్నిమంటపం దాకా సుమారు ఐదు కిలోమీటర్లు, లక్షల మంది చూస్తుండగా చెక్కుచెదరకుండా నడుస్తాడు. పావుకిలో తూగని అంబారీతో నేను అడుగు పక్కకు వేయలేక, వీపు దురద పుడితే ఐస్‌క్రీం పుల్ల అడిగి తీసుకోవలసిన స్థితిలో ఉన్నాను. మధ్యలో నా ఫోను మోగింది. ఆఫీసు నుంచి. అది వేలిముద్రతో తెరుచుకునే ఫోను, ఆ వేలు ఏనుగు దగ్గర ఉంది.

అప్పుడు న్యాయనిర్ణేత వచ్చారు. ఆవిడ చేతిలో ఒక పత్రం, అందులో గళ్ళు. సృజనాత్మకత, వ్యర్థాల వినియోగం, తల్లిదండ్రుల సహాయం. విధానసౌధ ముందు ఆగి, “నువ్వే చేశావా?” అని అడిగితే, ఆ పిల్లవాడు బూటు నుంచి తల ఎత్తకుండా ఊఁ అన్నాడు. ఆవిడ ‘లేదు’ అన్న గడిలో టిక్కు పెట్టుకున్నారు. తర్వాత మా దగ్గరికి వచ్చి, ఏనుగును చూసి, ఏనుగు నుంచి నా వేళ్ళ దాకా, వేళ్ళ నుంచి మణికట్టు మీదుగా నా మొహం దాకా మెల్లగా చూపు నడిపించారు.

“నువ్వేం చేశావమ్మా?”

“కళ్ళు పెట్టాను” అంది మా అమ్మాయి.

“మరి నాన్న ఏం చేశారు?”

“నాన్న అతుక్కున్నాడు.”

ఐదేళ్ళ పిల్ల అంతకంటే నిజాయితీగా సాక్ష్యం చెప్పదు. హాలు మొత్తం మీద ఆ గడికి నిజమైన జవాబు వచ్చిన బల్ల మాది ఒక్కటే. నేను సంజాయిషీ మొదలుపెట్టాను. సహాయం నిజంగా స్వల్పమేననీ, రెండు వేళ్ళు మాత్రమేననీ, తక్కిన మూడూ ఖాళీగానే ఉన్నాయనీ వాటిని ఆడించి కూడా చూపించాను. ఆవిడ తల ఊపి, చాలాసేపు ఏదో రాసుకుని, గాజుమేడ వైపు వెళ్ళిపోయారు.

ప్రదర్శన మూడు గంటల వరకూ ఉంటుందనీ, అంతవరకూ వస్తువులను కదపరాదనీ మైకులో చెప్పారు. ఒక ఆయమ్మ జాలిపడి పిల్లల కుర్చీ ఒకటి తెచ్చి వేసింది. అందులో కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలాయి, చెయ్యి మాత్రం బల్ల మీద ఏనుగుతోపాటు ఎత్తులోనే ఉండిపోయింది, కాబట్టి దూరం నుంచి చూసినవారికి నేను ఏదో ప్రశ్న అడగడానికి చెయ్యి ఎత్తినట్టు కనిపించి ఉంటాను. ఇద్దరు టీచర్లు వచ్చి ఏం కావాలని అడిగి వెళ్ళారు.

మొదటి బహుమతి విధానసౌధకు వచ్చింది. మాకు పాల్గొన్నందుకు ఒక పత్రమూ, దానితోపాటు ‘తల్లిదండ్రుల జోక్యం ఎక్కువగా కనిపిస్తున్నది, బిడ్డ స్వయంగా చేసేలా ప్రోత్సహించగలరు’ అని రాసిన చీటీ ఒకటీ ఇచ్చి, దాని మీద సంతకం చేసి పంపమన్నారు. ఇంటికి వచ్చి, అభిమన్యుడి ఫోటోలు అన్ని కోణాల నుంచీ తీసుకున్నాక మా అమ్మాయి సమ్మతించగా, బకెట్టులో సబ్బునీళ్ళు కలిపారు. వేళ్ళు బయటికి వచ్చాయి గానీ, బొటనవేలి మీద ఒక బంగారు కాగితపు ముక్క ఇంకా ఊడలేదు, రెండు వేళ్ళూ కలిపితే కలం నిలవడం లేదు. అందువల్ల చీటీ మీద ఎడమ చేత్తో సంతకం చేసి పంపాను. చేర్పించినప్పటి ఫారంలోని తండ్రి సంతకంతో ఇది సరిపోలడం లేదని ఈ ఉదయమే తిప్పి పంపారు.