పొద చాటు స్పీడ్ గన్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ లేజర్ స్పీడ్ గన్ గారికి,
ఔటర్ రింగ్ రోడ్డు, ఏదో ఒక వంతెన నీడన, హైదరాబాద్.

నమస్కారాలు. చిరునామా సరిగ్గా రాయనందుకు ఏమీ అనుకోకండి. 158 కిలోమీటర్ల ఔటర్‌లో ఇవాళ మీరు తుక్కుగూడ దగ్గర కూర్చున్నారో, కొల్లూరు దగ్గర కూర్చున్నారో ముందే చెప్పగలిగినవాడు వాట్సాప్ గ్రూపులో దేవుడు.

ముందు మీ మీద పడ్డ ఒక నింద తుడిచేద్దాం. చలానా వచ్చిన ప్రతివాడూ "గన్ను ఎక్కువ చూపించిందిరా" అంటాడు. పాపం, మీరు చూపించేది తరచుగా తక్కువే. మీరు రోడ్డు పక్కన కూర్చుని ఏటవాలుగా చూస్తారు కాబట్టి, బండి మీ వైపు వచ్చే వేగమే మీకు అందుతుంది. కోణం 10 డిగ్రీలైతే 120 కాస్తా 118 అవుతుంది, 20 డిగ్రీలైతే 113కి దిగుతుంది. దీనికి తోడు కారులోని స్పీడోమీటర్ అసలు వేగం కంటే తక్కువ చూపించకూడదని ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన ఒకటుంది. ఎక్కువ చూపిస్తే తప్పులేదు, పదిశాతం మీద ఇంకో 4 కిలోమీటర్ల దాకా. అందుకే కంపెనీలు ముల్లును కాస్త ముందుకే పెట్టి పంపిస్తాయి. ముల్లు 126 అన్నప్పుడు బండి 120లోనే ఉండొచ్చు. అంటే మీటరూ మనవైపే, త్రికోణమితీ మనవైపే. అయినా చలానా మీద 139 అని పడిందంటే, అది అచ్చంగా డ్రైవరు గారి కష్టార్జితం.

మీ పనితనం గురించి మాకు తెలియదనుకోకండి. కంటికి కనపడని 905 నానోమీటర్ల పరారుణ కాంతిని సెకనుకు వందకు పైగా ముక్కలుగా వదులుతారు. 300 మీటర్ల దూరంలోని నంబర్ ప్లేటుకి తగిలి తిరిగి రావడానికి దానికి రెండు మైక్రోసెకన్లు చాలు. ఒక్కో ముక్కకి దూరం ఎంత తగ్గిందో లెక్కేసి, సుమారు సెకనులో మూడో వంతులో అంకె తేల్చేస్తారు. ఆ కాసేపట్లో 120 మీద ఉన్న కారు దాదాపు పదకొండు మీటర్లు కదులుతుంది, లోపల ఉన్నాయన ఇంకా ఏ పాట పెట్టాలా అని స్క్రీన్ వెతుకుతుంటాడు.

మీకు తప్పు చేయడం రాదనుకుంటే మాత్రం పొరపాటే. మీ కాంతి 300 మీటర్ల దగ్గర దాదాపు 90 సెంటీమీటర్ల వెడల్పు పరుచుకుంటుంది, 600 మీటర్లకి 180. చాలా కార్ల వెడల్పే అంత ఉండదు! అంత దూరం నుంచి గురి పెడితే, పక్క లేన్‌లో దూసుకెళ్లే ఇన్నోవా పాపం బుద్ధిగా వెళ్తున్న ఆల్టో మెడకి చుట్టుకోవచ్చు. ఇంకోటి, చెయ్యి జారడం. గురి ముందు అద్దం మీద మొదలై, కొలత పూర్తయ్యేలోగా నంబర్ ప్లేటు మీదికి దిగిందనుకోండి. బానెట్ పొడవు ఒక మీటరు అదనంగా దగ్గరకొచ్చినట్టు మీ లెక్కలో చేరుతుంది. సెకనులో మూడో వంతుకి ఒక మీటరంటే గంటకి దాదాపు 11 కిలోమీటర్లు, ఊరికే! ఇలాంటివి చాలావరకు మీరే పసిగట్టి అంకెకు బదులు ఎర్రర్ చూపిస్తారు, ఒప్పుకుంటాం. కానీ అసలు మందు మూడుకాళ్ల స్టాండు. దాంతోపాటు డ్యూటీ మొదట్లో రెండు పరీక్షలు: కొలిచి పెట్టుకున్న దూరం సరిగ్గా చెబుతున్నారా, దీపస్తంభం మీదుగా అటూ ఇటూ తిప్పితే గురి చుక్క స్తంభం మీదికొచ్చినప్పుడే శబ్దం మారుతోందా. రెండూ కలిపి టీ చల్లారేలోగా అయిపోతాయి. ఎంతమంది చేస్తారన్నది మీకూ, మీ స్టాండుకే తెలియాలి.

ఇక మీ అసలు జబ్బు: దాక్కోవడం. 2023లో ఔటర్‌పై గరిష్ఠ వేగం 100 నుంచి 120కి పెరిగింది. మీరు మాత్రం వంతెన దిగే వాలులో, ఏ డ్రైవరూ పెడల్ తొక్కకుండానే ముల్లు పైకి పాకే చోట, పొదలకి ఆనుకుని కూర్చుంటారు. అక్కడ చలానాలు బాగా పండుతాయి. లైట్లు లేకుండా ఎడమ పక్కన ఆపేసిన లారీకి మాత్రం వేగం సున్నా కదా, అది మీ కంటికి ఆనదు. కనీస వేగం 40 ఉండాల్సిన రోడ్డు మీద 25తో పాకే ట్యాంకరుకి మీ దృష్టిలో వంద మార్కులు. చీకట్లో వెనకనుంచి వచ్చేవాడి ప్రాణం తీసేవి ఇవీ అని మీకెవరూ చెప్పలేదా?

మా వాళ్ల సంగతి కూడా చెప్పాలి, లేకపోతే పక్షపాతం అంటారు. 2019 జూలైలో కొత్త కార్లలో 80 దాటితే అప్పుడప్పుడు, 120 దాటితే ఆగకుండా మోగే హెచ్చరిక తప్పనిసరి చేశారు. దానికి మా విరుగుడు పాట సౌండు పెంచడం. ఎదురుగా మీ స్టాండు కనపడగానే ఒక్క తొక్కు, నిట్టనిలువుగా బ్రేకు. అప్పటికి మీ పని అయిపోయి చాలాసేపయింది, ఫొటో కూడా పడిపోయింది. 120 మీద కారు ఆగడానికి, తేరుకునే ఒక్క సెకనుతో కలిపి, పొడి రోడ్డు మీద 110 మీటర్లు కావాలి. 140 అయితే దాదాపు 145. వెనక పాతిక మీటర్లలో వస్తున్నవాడికి ఈ లెక్క ఎవరు చెప్తారు? మిమ్మల్ని దాటగానే మళ్లీ 140. మీ ముందు మూడు వందల మీటర్ల మేర మా క్రమశిక్షణ చూసి తీరాలి.

విజయవాడ హైవే మీద మీ పద్ధతి వేరు. అక్కడ మీరు ముందుంటారు, ఆపేవాళ్లు మరికాస్త దూరంలో ఉంటారు. వైర్‌లెస్‌లో "వైట్ కారు, సార్" అని వెళ్తుంది. పంతంగి టోల్ వైపు వెళ్లే కార్లలో తెల్లవి కానివి ఎన్ని, చెప్పండి? అందుకే ఆపినప్పుడు వాదనకి దిగకుండా ఇండికేటర్ వేసి, తెల్లగీతకి పూర్తిగా ఎడమకి ఆపాలి, ట్రాఫిక్ వైపు తలుపు తెరవకూడదు. లైసెన్స్, ఆర్సీ డిజిలాకర్‌లో చూపించినా చెల్లుతాయి. ఆ తర్వాత మర్యాదగా "సార్, ఒకసారి ఫొటో చూపిస్తారా?" అనడం. నంబరు, వేగం, దూరం, సమయం అందులో ఉండాలి. అంకె ముందు మైనస్ గుర్తుంటే కంగారు పడక్కర్లేదు, మీ నుంచి దూరంగా వెళ్తున్న బండిని కొలిచారని అర్థం. మా వాళ్లలో ఎక్కువమంది అడిగేది ఇది కాదు. "ఫ్యామిలీ ఉన్నారు సార్" మొదటిది, "మా బావతో ఒక్క నిమిషం మాట్లాడండి" రెండోది. ఫోన్ అవతలి బావ ఎప్పుడూ సెక్రటేరియట్‌లోనే ఉంటాడు.

వెయ్యి జరిమానా, 35 యూజర్ చార్జీలు. తెలంగాణలో అందరికీ కంఠతా వచ్చిన అంకె 1035. అది వెంటనే కట్టినవాడు అమాయకుడని మా ఊళ్లో పేరు, ఎందుకంటే 2022 మార్చిలో కార్ల పెండింగ్ చలానాలకి సగం తగ్గింపు, 2023 డిసెంబరులో 60 శాతం. బైకులకైతే 80. పండగ ఆఫర్ కోసం చీర కొనడం వాయిదా వేసినట్టు చలానా వాయిదా వేయడం మాకు నేర్పింది ఎవరు? మీరు కాదులెండి, మీకు అంకెలు తప్ప రాజకీయం రాదు.

మా విన్నపాలు చిన్నవి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2021లో చేర్చిన 167ఏ ప్రకారం మీకు ఏటా ధ్రువపత్రం ఉండాలి, మీరున్న చోటికి ముందే బోర్డు కనపడాలి, నోటీసు 15 రోజుల్లోగా పంపాలి. రాడార్‌తో పనిచేసే మీ దాయాదులకి 2025 జూలై 1 నుంచి తూనికలు కొలతల శాఖ ముద్ర నిబంధన కూడా వచ్చింది. మీరూ మీ ధ్రువపత్రాన్ని స్టాండుకి తగిలించుకోండి. వాలు దిగి, లారీలు ఆగే చోటికి మారండి.

ఇట్లు,
ముల్లు 124 దగ్గర నిలిపి, మీ లెక్కలో 118 అయి ఉంటుందని ఆశపడే ఒక వాహనదారుడు.

తా.క.: చలానా ఫొటోలో బండి మనది కాకపోతే కట్టేసి ఊరుకోవద్దు. 8ని బీగా, 0ని డీగా చదివిన కేసులు ఉంటాయి. ఈ-చలానా సైట్‌లో ఫొటో దించుకుని, కారు రంగు, మోడల్ కనపడే మన ఫొటో జతచేసి ఫిర్యాదు పెట్టండి.